అక్క కూర్చున్న బెంచీ

అతను అద్దాలు కోస్తాడు. పెద్ద అద్దం బల్ల మీద పరిచాక షాపులో ఉన్నవాళ్ళందరినీ బయటికి పొమ్మంటాడు. ఎవరైనా చూస్తుంటే చెయ్యి వణుకుతుంది. గీత ఒక్కసారే పడాలి. మళ్ళీ దిద్దబోతే అద్దం తన ఇష్టం వచ్చినట్టు పగులుతుంది. వ్యానులో సరుకు చేరవేసే బావకి ఇది అలవాటే. లోపల ఆపరేషన్ జరుగుతోందని చెప్పి గిరాకీలను గుమ్మంలోనే ఆపేస్తాడు.

మెడ మీద గడ్డని ముందు గమనించింది అక్క. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. పరీక్షలయ్యాక డాక్టరమ్మ అది క్యాన్సరేనని, నయమయ్యే రకమని, మందులు రేపే మొదలుపెట్టాలని చెప్పింది. ఆ మందులతో తర్వాత పిల్లలు పుట్టకపోవచ్చు కాబట్టి, ఈరోజే వీర్యం ఇస్తే గడ్డకట్టించి భద్రంగా ఉంచుతామంది. పిల్లలు కావాలనుకుంటున్నారా అని అడిగింది. అతనికింకా పెళ్ళే కాలేదు. ఎన్నడూ ఆలోచించని ప్రశ్న అది. అయినా, ‘కావాలి’ అనే మాట అతని ప్రమేయం లేకుండానే నోట్లోంచి వచ్చేసింది.

ల్యాబ్ అమ్మాయి ఒక చిన్న డబ్బా చేతికిచ్చి, వరండా చివరనున్న చిన్న గదిలోకి పంపింది. లోపల ఒక సోఫా, చేతులు కడుక్కునే తొట్టి, లోపలి గడియ. తలుపు పక్కనే బెంచీ. ఆ బెంచీ మీద, ఒళ్ళో రిపోర్టుల సంచితో అక్క.

ఆవిడ దగ్గు లోపలికి వినిపిస్తోంది. వచ్చేపోయేవాళ్ళకి తమ్ముడు లోపలున్నాడని చెప్పడం కూడా. కాసేపటికి తలుపు తట్టి మంచినీళ్ళు కావాలా అని అడిగింది. ఇంకాసేపటికి మళ్ళీ తట్టింది.

“తొందరేం లేదు నాన్నా, నేనిక్కడే ఉన్నా.”

ఆ మాటతో ఉన్న కాస్త ఆశా పోయింది. అతను ఖాళీ డబ్బాతో బయటికొచ్చాడు. ల్యాబ్ అమ్మాయి తేలిగ్గా తీసుకుంది. చాలామందికి ఇలాగే అవుతుందని, సాయంత్రం మూసేలోపు మళ్ళీ ప్రయత్నించమని చెప్పింది. అక్క మాత్రం తమ్ముడికి ఒంట్లో ఓపిక లేదనుకుని కళ్ళు తుడుచుకుంది.

అతను కిందికి దిగి, వ్యాను దగ్గరున్న బావ పక్కన నిలబడ్డాడు. ఇద్దరూ కాసేపు వ్యాను టైర్ల వంక చూశారు.

“బావా, అక్క తలుపు దగ్గరే కూర్చుంది.”

బామ్మర్దిని ఆటపట్టించే అవకాశాన్ని బావ వదులుకోవడం అదే మొదటిసారి.

“పెద్ద అద్దమన్నమాట” అన్నాడు, అంతే.

వెంటనే పెళ్ళానికి ఫోన్ చేశాడు. ఇంటికొచ్చానని, షాపు తాళాలు ఎంత వెతికినా కనపడడం లేదని, సరుకు కోసం మనిషి వచ్చి నిలబడ్డాడని చెప్పాడు. ఎదురుగా ఉన్న ఉప్పుడబ్బా కూడా కనపడని మనిషని తిట్టుకుంటూ, తమ్ముణ్ణి కనిపెట్టుకుని ఉండమని ల్యాబ్ అమ్మాయికి అప్పగించి అక్క ఆటో ఎక్కింది. ఆటో గేటు దాటేవరకూ బావ వ్యానుతో సహా అంబులెన్సు వెనక నక్కి ఉన్నాడు. తర్వాత పైకొచ్చి వరండా మలుపులో నిలబడ్డాడు. బెంచీ దరిదాపులకి పోలేదు.

ఈసారి డబ్బా ఖాళీగా రాలేదు. ల్యాబ్ అమ్మాయి పరీక్షించి వచ్చి, కణాలు బాగున్నాయని, రేపు పిల్లల కోసం ఒకటికి నాలుగు ప్రయత్నాలకు సరిపోతాయని చెప్పింది. అతను సరేనన్నాడు. తర్వాత అదే బెంచీ మీద కూలబడ్డాడు. బావ వచ్చి పక్కన కూర్చుని, అతని వీపు మీద చెయ్యి వేశాడు.

అక్క రొప్పుతూ మెట్లెక్కి వచ్చింది. ఇంటి దగ్గర మనిషీ లేడు, ఇల్లంతా తిరగేసినా తాళాలూ లేవని మొదలుపెట్టి, మొగుడి చొక్కా జేబులోంచి వేలాడుతున్న గుత్తిని చూసి ఆగిపోయింది. తర్వాత తమ్ముడి మొహం చూసింది.

“అయిందా?”

“అయిందక్కా.”

ఆవిడ సంచి కింద పెట్టింది. “ఆ ముక్క నాతో చెప్తే నేనే లేచి వెళ్ళేదాన్ని కదరా.”

“నువ్వా?” అన్నాడు బావ.

ముందు నవ్వింది అక్కే. కళ్ళు తుడుచుకుంటూ ఇద్దరి మధ్యా సర్దుకుని కూర్చుని, రేపు మందులు ఎక్కించే చోట పక్కన ఎవర్నీ ఉండనివ్వరేమోనని అంది.

“అడిగాను, ఒకర్ని ఉండనిస్తారట. రేపు మాత్రం ఎవరు ఫోన్ చేసినా కదలకు” అన్నాడు తమ్ముడు.