ఈశాన్యంలో మరుగుదొడ్డి ఉన్న దయ్యాల బొమ్మరిల్లు

మా అన్న పెళ్ళి సంబంధాన్ని ఒక బొమ్మరింటితో ముంచబోయిన ఘనత నాది. మీరు నవ్వుకోండి, మా అమ్మ మాత్రం ఇప్పటికీ నవ్వదు.

అప్పుడు ప్రొద్దుటూరులో అద్దెకుండేవాళ్ళం. నేను బీఎడ్ పుస్తకం ముందర పెట్టుకుని, ఫోన్లో దయ్యాల బొమ్మరిళ్ళు చేసే వీడియోలు చూస్తుండేదాన్ని. పాత సామాన్ల అంగడిలో ఎవరో ఆడి వదిలేసిన చెక్క బొమ్మరిల్లు కనబడగానే కొనుక్కొచ్చాను. నల్లరంగు పూశాను. కిటికీలు విరిచాను. దూదితో బూజు పట్టించాను. నాన్న పాత పంచె చించి దయ్యాన్ని చేసి మిద్దె మీద నిలబెట్టాను. ఇంత చేసినా భయం పుట్టలేదు. బట్టలు ఆరేయడానికి పైకెక్కిన మనిషిలా ఉంది ఆ దయ్యం.

చివరికి మా జేజిని, అంటే నాన్నమ్మను, అడిగాను.

"జేజీ, ఇల్లు పాడుబడాలంటే ఏం జేయాల?"

"దానికి దయ్యాలెందుకే? ఈశాన్యంలో మరుగుదొడ్డి పెట్టు. ఆగ్నేయంలో బావి తవ్వు. వాకిలి దక్షిణానికి పెట్టు. ఆ ఇంట్లో దయ్యం గూడా కాపరం చేయలేదు."

అన్నీ చేశాను. అగ్గిపెట్టె మరుగుదొడ్డి, సీసామూత బావి. వాయవ్య మూలలో మట్టిపొయ్యి పెట్టి, వాకిలి సరిగ్గా దక్షిణానికి తిప్పి హాల్లో బల్ల మీద ఉంచాను. అప్పుడు నాకే భయమేసింది.

మరుసటి రోజే లింగాల నుంచి పెళ్ళికూతురి నాన్న మా ఇల్లు చూడటానికి వచ్చాడు. అన్న కలమల్ల దగ్గర కరెంటు ప్లాంటులో పని చేస్తాడు. సొంతిల్లు లేదని అప్పటికే మూడు సంబంధాలు తప్పిపోయాయి. అందుకని ఈయనకు, "ఇల్లు కట్టబోతాండాం, ప్లాను గూడా అయిపోయింది" అని చెప్పేశాడు. ప్లాను లేదు, స్థలం కూడా లేదు.

పెద్దాయన నేరుగా బల్ల దగ్గరికి నడిచాడు.

"ఇదేనా మీరు కట్టే ఇల్లు?"

అన్న నా వైపు చూశాడు. తర్వాత పైకప్పు వైపు చూశాడు. "ఔ మామా" అన్నాడు.

"ఇంత నల్లగా ఉండాదేంది?"

"రంగు ఇంకా వేయలేదు మామా."

"మిద్దె మీద ఆ తెల్లదేంది?"

"దిష్టిబొమ్మ మామా!" అన్నాను నేను.

పెద్దాయన మెచ్చుకోలుగా తలాడించాడు. మేం ఊపిరి పీల్చుకునేలోపే జేబులోంచి దిక్సూచి తీశాడు.

"ఈశాన్యంలో మరుగుదొడ్డా? ఎవరప్పా ఈ ప్లాను గీసింది?"

అమ్మ తెచ్చిన కాఫీ గ్లాసులతో మళ్ళీ వంటింట్లోకే తిరిగిపోయింది. నాలుగో సంబంధం కూడా పోయిందనుకున్నాను. ఏం చేయాలో తోచక బొమ్మరింటిని రెండు చేతులా పట్టుకుని వెనక్కి తిప్పేశాను.

"ఇట్లా పెట్టుకుంటాం మామా."

"ఇప్పుడు మరుగుదొడ్డి నైరుతికి వచ్చె."

ఇంకో పక్కకు తిప్పాను. వాకిలి తూర్పుకొచ్చింది. బావి ఈశాన్యానికి, మరుగుదొడ్డి వాయవ్యానికి చేరాయి. పెద్దాయన ముఖం విప్పారింది. అన్న చెమట తుడుచుకున్నాడు.

"మరి పొయ్యి నైరుతికి పాయ గదా పాపా!"

ఇక దాచలేకపోయాను. "ఇది ప్లాను కాదు మామా. దయ్యాల కొంప. కావాలనే తప్పులు పెట్టినా."

పెద్దాయన బొమ్మరింటిని చూశాడు, నన్ను చూశాడు.

"యా పక్క తిప్పినా దోషం దప్పలేదంటే, నీకు వాస్తు శానా తెలిసుండాల. ఇట్లాంటి మనిషి ఉండే ఇంటికి మా బిడ్డను కండ్లు మూసుకోని ఇస్తా. ఒకసారి మా ఇంటికి గూడా వచ్చి చూడు."

నాకేమీ తెలీదని చెబితే పెళ్ళి ఆగుతుందని లింగాల పోయాను. దిక్సూచి పట్టుకుని ఇల్లంతా గంభీరంగా తిరిగాను. ఏదో ఒకటి చెప్పాలి కదా, ఒక వాకిలి చూపించి, "దీన్ని మూసేయండి" అన్నాను. వారంలో ఇటుకలు పెట్టి మూసేశారు. అది వంటింటి వాకిలి.

వదిన మా ఇంటికొచ్చింది. వాళ్ళమ్మ మాత్రం ఈ రోజుకీ చెంబెడు నీళ్ళకు కూడా పెరడు చుట్టి పోతోంది, నన్ను తలుచుకుంటూ. అందుకే సకల దిక్కుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట దయ్యాలుండే ఇళ్ళ జోలికే పోతాను, మనుషులుండే ఇళ్ళ జోలికి పోను.