చిలకను చూడొద్దన్నాడు

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా అక్క కూతురు రాస్తోంది. నా మాటల్ని మెత్తగా చేయొద్దని దానికి ముందే చెప్పాను.

వల్లూరు దగ్గర మా శనక్కాయల చేను సోలారు వాళ్లకు కౌలుకు పోయింది. మా ఆయన చనిపోయాక నాకు సోలారు పలకలు తుడిచే పని ఇస్తామన్నారు. నాకు గేటు కాపలా కావాలన్నాను. అక్కడ రాగి వైర్ల గోదాము ఉంది, కాపలా మనిషికి పిస్తోలు ఇస్తారు. ఖాళీ ఒక్కటే. అడిగింది నేనూ, మా మరిదీ. ఎవరు బాగా కాలిస్తే వాళ్లకే అన్నారు.

"తుపాకి యాడ, నువ్వు యాడ? నీకు తడిగుడ్డ చాలు వదినా," అన్నాడు మరిది, అందరి ముందర.

"సజ్జ చేలో మంచె ఎక్కి వడిసెలతో చిలకల్ని తోలింది ఎవరప్పా? నువ్వు మంచె కింద నిద్రపోతా ఉంటివి."

శిక్షణ పావగడ బయట, గుట్ట పక్కన. నేర్పేది మిలిటరీలో చేసి వచ్చిన సారు. మొదటి రోజు నా గుండ్లన్నీ మట్టికట్టలోకి పోయాయి. గురి కోసం కట్టిన కాగితానికి ఒక్కటీ తగల్లేదు.

"చిలకలన్నీ ఎగిరిపోయినాయి వదినా," అని నవ్వాడు మరిది.

సారు నా పక్కన నిలబడి నా కళ్లనే చూశాడు.

"యాడ చూస్తాండావమ్మా?"

"కొట్టాల్సిన చోటే సార్. ఇంక యాడ చూస్తారు?"

"అదే తప్పు. గొట్టం కొసన చిన్న ముల్లు ఉండాది. దాన్ని చూడు. కాగితం మసగ్గా కనపడనీ."

నాకు ఒళ్లు మండింది. వడిసెల తిప్పేవాళ్లు చేతిని చూసుకోరు. చిలకను చూస్తారు, రాయి దానంతటదే పోతుంది. చిన్నప్పటి నుంచి నాకు వచ్చిన విద్య అదొక్కటే.

"ఇది రాయి విసిరేది కాదమ్మా. ముల్లు వెంట్రుకంత జరిగితే ఆడ జానెడు పోతాది. ట్రిగ్గర్ గుంజొద్దు, మెల్లగా నొక్కు."

ఇంటికి వచ్చి వాకిట్లో నిలబడి, చెయ్యి చాచి బొటనవేలి గోరు చూసేదాన్ని. వెనకాల పలకల వరసలు మసకబారాలి. కానీ అవి ఉన్నది మా చేను మీద. చూపు అటే పరిగెత్తేది. లాక్కొచ్చి మళ్లీ గోరు మీద పెట్టేదాన్ని.

"మొగుడు పోయినాక దీనికి మతి పోయినట్లుండాది," అంది పక్కింటామె.

"మతి ఉండాది. గురే కుదర్ల. కుదురుతాది పో."

పరీక్ష రోజు మరిది గుండ్లు కాగితం అంచుల్లో పడ్డాయి. నా వంతు వచ్చింది. ముల్లు నల్లగా, స్పష్టంగా కనిపించింది. దాని వెనకాల కాగితం ఉందో లేదో అన్నట్టుంది. మెల్లగా నొక్కాను. సారు కాగితం తెచ్చి చూపించాడు. నా అరచెయ్యి పెడితే చిల్లులన్నీ దాని కిందే దాగిపోయాయి.

కాపలా పనులు చూసే ఆఫీసరు నసిగాడు. "ఆడమనిషి గేటు కాడంటే..."

"బాగా కాల్చినోళ్లకే అన్నది మీరే గదా సార్. ఈ కాగితం పట్టుకొని గేటుకు అడ్డం కూచుంటా. మీ బండ్లు యాడ పోతాయో చూస్తా."

ఇప్పుడు పలకలు తుడిచేది మరిది. సాయంత్రం బయటికి పోయేటప్పుడు గేటు దగ్గర సంచి చూపించాలి.

"సొంత మరిది సంచి గూడా చూడల్లా వదినా?"

"చూడల్ల. విప్పప్పా."