దయమ్మ ఇచ్చేసిన కూపను

దయమ్మకి ఆ కూపను ఇచ్చేసిన రోజు బాగా గుర్తు. గుర్తుండక ఏమవుతుంది, తన చేత్తో తనే ఇచ్చింది కదా! తొంభై ఏడులో దోహాలో ఒక సూపర్ మార్కెట్టువాళ్ళు సరుకులు కొన్నవాళ్ళందరికీ కూపన్లు పంచారు. పేరు రాసి డబ్బాలో వేస్తే చాలు. డ్రాలో పేరొచ్చినవాళ్ళు జంటగా గ్వాడలూప్ వెళ్ళి రావచ్చు. అది కరీబియన్ సముద్రంలో ఫ్రెంచివాళ్ళ దీవి. ప్యారిస్ మీదుగా విమానం, సముద్రం ఒడ్డున రిసార్టులో ఏడు రోజులు గది, భోజనం, అన్నీ వాళ్ళవే. బియ్యం బస్తా, నూనె డబ్బా కొన్నందుకు దయమ్మకీ ఒకటి వచ్చింది. దాన్ని చచ్చిన ఎలుకని పట్టుకున్నట్టు కొసన పట్టుకుని ఇంటికి తెచ్చింది.

ఎందుకంటే ఆ ముందు శుక్రవారమే (అక్కడ సెలవు శుక్రవారం, ఆరాధనా ఆ రోజే) పాస్టరుగారు లాటరీలని దులిపేశారు. సిలువ కింద కూర్చుని యేసయ్య అంగీ కోసం చీట్లు వేసుకున్న సైనికుల సంగతి చెప్పి, "ఆ బుద్ధి వాళ్ళది, మనది కాదు" అన్నారు. అందరికంటే గట్టిగా "ఆమెన్" అన్నది దయమ్మే. ఆ నోరు పెట్టుకుని డబ్బాలో కూపను ఎలా వేస్తుంది? అలాగని చించి పారేయడానికీ చెయ్యి రాలేదు. దోహా శివారు ఐన్ ఖాలిద్‌లో వాళ్ళుండే విల్లాని మధ్యలో గోడలు లేపి నాలుగు వాటాలు చేశారు. పక్క వాటాలో హైదరాబాదు నుంచి వచ్చిన శకుంతల ఉంటుంది. దయమ్మ ఆవిడ తలుపు కొట్టి, "శకుంతలగారూ, ఇది మాకు పనికిరాదండీ. మీరు వేసుకోండి" అని ఇచ్చేసింది. శకుంతల దాని మీద భర్త శ్రీరామమూర్తి పేరు రాసి డబ్బాలో వేసింది.

డ్రాలో ఆ పేరే వచ్చింది.

"నువ్వే కదే ఇచ్చావు. పాపం తప్పింది, సంతోషించు" అన్నాడు దయమ్మ భర్త జడ్సన్. అతను ఒక కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. ఏ గీతైనా తిన్నగా గీస్తాడు, మాట మాత్రం ఎక్కడ తగులుతుందో చూసుకోడు.

"సంతోషంగానే ఉందండీ, ఆయ్!" అని దయమ్మ చేతిలో గిన్నెని సింకులోకి ఒక్క విసురు విసిరింది.

నిజం చెప్పాలంటే ఆమెకి ఏ కోశానా సంతోషం లేదు. అందులో తప్పేమీ లేదు, ఆమె బతుకు అలాంటిది. కోరంగి దగ్గర పల్లెలో పుట్టింది. తండ్రి మిషన్ బడిలో పంతులు. కాకినాడలో టైపు హయ్యరు పాసై, పెళ్ళయ్యాక జడ్సన్ వెంట కతార్ వచ్చి, ఒక కాంట్రాక్టింగ్ కంపెనీలో టైపిస్టుగా చేరి తొమ్మిదేళ్ళు. ఈ తొమ్మిదేళ్ళలో రెండేళ్ళకోసారి సెలవు, ఆ సెలవంతా ఊళ్ళో పలకరింపులు, పెట్టెలు విప్పడం, మళ్ళీ కట్టడం. ఊరికే సరదాకి వెళ్ళిన చోటు ఏదంటే, చర్చివాళ్ళు పిక్నిక్కని తీసుకెళ్ళిన ఉమ్ సలాల్ తోట. అక్కడ కూడా పొద్దుటినుంచి సాయంత్రం దాకా బిర్యానీ వడ్డించింది ఆమే. తన కోసం ఒక పరుపు ఎవరో సర్ది, ఒక పళ్ళెం ఎవరో పెట్టి, తను ఊరికే కూర్చునే ఏడు రోజులు ఎలా ఉంటాయో ఆమెకి తెలియదు. అవి చేతిదాకా వచ్చాయి. చేజేతులా పక్కింట్లో పడేసింది.

అదైనా ఓర్చుకునేదేమో. ఓర్చుకోలేనిది మరొకటి ఉంది. డ్రా అయిన దగ్గర్నుంచి శకుంతల కనపడ్డవాళ్ళందరికీ "మా ఆయన లక్కండీ!" అని చెబుతోంది. ఎవరి లక్కు? బియ్యం బస్తా ఎవరు మోసుకొచ్చారు? 'ఆ కూపను దయమ్మగారిది' అని నలుగురిలో ఒక్క మాట అనడానికి ఆవిడ సొమ్మేం పోతుంది? ఆ ఒక్క మాట కోసం దయమ్మ ఏడు వారాలు కాచుకుంది. దానికి తోడు శకుంతల ప్రయాణం నాడు తాళం చెవి ఆమెకే ఇచ్చి, కరివేపాకు మొక్కకి నీళ్ళు పోయమని చెప్పి వెళ్ళింది. ఒక రోజు దయమ్మ కావాలనే పోయలేదు. మర్నాడు ఆకులు వాలిపోయి ఉంటే గుండె గుభేల్మని రెండు చెంబులు పోసి, మొక్కకి క్షమాపణ కూడా చెప్పింది.

వాళ్ళు తిరిగొచ్చిన మరుసటి శుక్రవారం మధ్యాహ్నం శకుంతల విల్లాలో ఆడవాళ్ళని టీకి పిలిచింది. ఫొటోల ఆల్బం చూపిస్తుందట. దయమ్మ ముందు రానన్నది, తరవాత ఇస్త్రీ చీర కట్టుకుని అందరికంటే ముందే వెళ్ళి కూర్చుంది. ఈరోజు ఆ మాట అనకపోతే తనే అనేస్తానని గట్టిగా నిశ్చయించుకుంది.

ఆల్బం తెరిచేసరికి కళ్ళు కుట్టాయి. ఆ నీళ్ళేమిటి, ఆ నీలమేమిటి! కోరంగిలో సముద్రమంటే మడ అడవి, మోకాలి లోతు బురద. తెల్లటి దుప్పటి పరిచిన మంచం మీద శకుంతల, ఊయలలో శకుంతల, పనసకాయంత బొప్పాయి పట్టుకుని శకుంతల.

"ఎంత బాగుందండీ!" అంది దయమ్మ. మూతి మాత్రం మూడు వంకర్లు పోయింది.

పక్కనే కూర్చున్న శ్రీరామమూర్తి ఇంజనీరు, ఏది చూసినా దాని పూర్వాపరాలు చెప్పందే ఊరుకోడు. "అదంతా ఒకప్పుడు చెరుకు తోటండీ, ఫ్రెంచి దొరలది. మొదట ఆఫ్రికా బానిసల చేత చేయించారు. వాళ్ళకి విడుదలయ్యాక మన దేశం నుంచి ఓడల్లో కూలీలని దింపారు. దొర బంగళా ఇప్పుడు భోజనాల హాలు. కూలీలుండే లైన్లకి ఏసీలు పెట్టి కాటేజీలన్నారు. మేమున్న గదిలో అప్పట్లో పన్నెండు మంది ఉండేవాళ్ళట!"

గదికి పన్నెండు మంది. మొన్న మంగళవారమే తన కంపెనీ కూలీలుండే క్యాంపు గురించి దయమ్మ అదే అంకె టైపు కొట్టింది. కానీ ఇప్పుడు ఆమె ధ్యాస కూలీల మీద లేదు, ఆ దుప్పటి మీద ఉంది.

"ఇంకో తమాషా. ఈవిడ వరండాలో నిలబడితే ఒక తెల్ల ముసలావిడ వచ్చి తడి తువ్వాలు చేతిలో పెట్టి, ఇంకోటి తెమ్మంది! అక్కడ గదులు తుడిచేవాళ్ళంతా ఆ కూలీల మనవలూ మునిమనవలే. అచ్చం మనలాగే ఉంటారు" అని శ్రీరామమూర్తి పగలబడి నవ్వాడు.

"అవన్నీ ఇప్పుడెందుకండీ!" అంది శకుంతల, మొహం కందగడ్డ చేసుకుని.

దయమ్మకి ప్రాణం లేచొచ్చింది. ఏడు వారాల మంట మీద ఎవరో చల్లటి నీళ్ళు చిలకరించినట్టయింది. టీ ఇంకో కప్పు అడిగి పోయించుకుంది.

మాట మళ్ళించడానికి శకుంతల చివరి ఫొటో తీసింది. చీపురు పట్టుకున్న ఒక నల్లటి ముసలమ్మ, తలకి గళ్ళ గుడ్డ. "ఈవిడ మా గది తుడిచేది. ఫ్రెంచి తప్ప ఇంకో ముక్క రాదు. మేం వచ్చేసే రోజు నేను తల దువ్వుకుంటున్నాను. వచ్చి నడినెత్తిన చెయ్యి పెట్టి, 'సాలగుండు, సాలగుండు' అంటుంది! నాకు ఒళ్ళు మండింది. ఇంత జుట్టు పెట్టుకుంటే గుండు కొట్టించుకోమంటుందేమిటి?"

"గుండా? హాయ్ అల్లా! ఆ జడ చూసి ఓర్వలేకపోయింది!" అంది ఎదురు వాటా తహెరున్నీసా. అందరూ గొల్లుమన్నారు.

"దానికి అర్థమేమిటని మీరు మేనేజరుని కూడా అడిగారు కదండీ?" అంది శకుంతల భర్తతో.

"అడిగాను. అతనికీ తెలియదు. ఆవిడకే తెలియదట. వాళ్ళ ఇంట్లో ఎవరు ఊరెళుతున్నా పెద్దవాళ్ళు అలా అంటారట, అంతే."

దయమ్మ నవ్వలేదు. కప్పు కింద పెట్టేసి, ఆ మాట తనలో తనే ఇంకోసారి అనుకుంది.

అమ్మమ్మ లూర్దమ్మది యానాం, ఒకప్పటి ఫ్రెంచివాళ్ళ ఊరు. దయమ్మ హాస్టలుకి వెళ్ళే ప్రతిసారీ, గడప దాటే ముందు పిలిచి, చేపలు తోమి గరుకెక్కిన చెయ్యి నడినెత్తిన పెట్టి, మెడ కుంగేలా నొక్కి, "సల్లగుండు" అనేది. రోజూ ప్రార్థన చివర ఇంకో ముక్క ఉండేది. "ఓడెక్కినోళ్ళు ఏ ఒడ్డునున్నా సల్లగుండాల తండ్రీ." ఓడెక్కినోళ్ళెవరే అని అడిగితే, అమ్మమ్మకీ సరిగ్గా తెలియదు. వాళ్ళ తాతల నాడు ఫ్రెంచివాళ్ళ ఓడెక్కిన చుట్టాలట. ఏ దేశం వెళ్ళారో, ఉన్నారో పోయారో, ఒక కబురు లేదట. లూర్దమ్మ పోయి పదకొండేళ్ళయింది. ఆ రోజు దయమ్మ కాకినాడ పరీక్ష హాల్లో కూర్చుని ఉంది. ఆ చెయ్యి మళ్ళీ నెత్తిన పడలేదు.

సరిగ్గా అప్పుడే శకుంతల, "అయ్యో, మరిచేపోయాను! అసలు ఆ కూపను ఎవరిదనుకున్నారు? మన దయమ్మగారిది! ఆవిడ ఇస్తేనే మేం వెళ్ళాం" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. శకుంతల రిసార్టు నుంచి తెచ్చిన రెండు చిన్న షాంపూ సీసాలు, ఒక గవ్వ దయమ్మ ఒళ్ళో పెట్టింది.

కోరుకున్న మాట వచ్చింది, నలుగురిలోనే వచ్చింది. అది దయమ్మ చెవికెక్కలేదు. ఇప్పటిదాకా పడ్డ ఏడుపంతా ఒక ఏడుపే కాదని ఆమెకి తెలిసింది. నీళ్ళూ దుప్పటీ ఎవరిక్కావాలి? ఆ చెయ్యి నా నెత్తిన పడాల్సింది. నాకోసం అంత దూరాన కాచుకున్న చెయ్యి, దాన్ని తీసుకెళ్ళి గుండు అనుకునే మనిషికిచ్చాను! శకుంతల పాపిట వంక చూస్తుంటే ఆమెకి కన్నీళ్ళు తిరిగాయి.

"శకుంతలగారూ, ఆవిడ ఎలా పెట్టిందో ఓసారి నాకు పెట్టి చూపించండీ" అంది.

శకుంతల నవ్వుతూ వేళ్ళ కొసలు ఆనించింది.

"ఇంతేనా? నొక్కలేదాండీ?"

"నొక్కింది. బాగానే నొక్కింది."

"అయితే నొక్కండి. ఆ మాట కూడా అనండి."

శకుంతల అరచెయ్యి మొత్తం ఆనించి నొక్కింది. "సాలగుండు" అంది, ఆ ముసలమ్మ యాస పట్టి మరీ. తహెరున్నీసా మళ్ళీ నవ్వింది. దయమ్మ తల చాలాసేపు ఎత్తలేదు.

ఎత్తేసరికి ఆమె మొహం చూసి శకుంతల నవ్వు ఆపేసింది. "ఏమైందండీ? మీకు తెలుసా ఆ మాట? మీ వైపు మాటా?"

దయమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అబద్ధం పాపమని ఆమెకి తెలుసు. దాని సంగతి వచ్చే శుక్రవారం ఆరాధనలో చూసుకోవచ్చు.

"ఏమోనండీ, ఫ్రెంచి అయ్యుంటుంది" అంది.

చేతికొచ్చినదాన్ని ఒకసారి పక్కింటికి ఇచ్చేసింది. ఈ మాట మాత్రం ఇవ్వదు.