నేను దిగితే స్టార్టయ్యే కారు

ఆ రోజుల్లో ఫిల్మ్‌నగర్‌లో ఏ పని చెడినా ముందు కారకుడెవరని వెతికేవారు, కారణం సంగతి తర్వాత. తొంభైల చివర, మాటల రచయితగా మొదటి అవకాశం వచ్చీరానట్టు ఊగిసలాడుతున్నప్పుడు, ఆ కారకుడి హోదా నాకు దక్కింది. మా నిర్మాతగారు (గోదావరి జిల్లా మనిషి, రొయ్యల చెరువుల మీద సంపాదించి సినిమాల్లోకి దిగారు) కొత్తగా, ఇంజన్లో కంప్యూటరున్న విదేశీ కారు కొన్నారు. పొద్దుటి నుంచి ఊరంతా తిరిగి, మధ్యాహ్నం యూసుఫ్‌గూడలో నన్నెక్కించుకుని కథాచర్చలకి జూబ్లీహిల్స్ తీసుకెళ్లేవారు. సరిగ్గా గుట్ట ఎక్కే చోట కారు ఆగిపోయేది. మర్యాదకి నేను దిగి బండరాయి నీడన నిలబడేవాణ్ణి. కాసేపటికి మళ్లీ స్టార్టయ్యేది. రెండు మూడుసార్లు చూసి డ్రైవరు, "సార్, ఈయన ఎక్కితే ఆగుతున్నది, దిగితే నడుస్తున్నది" అన్నాడు. మెకానిక్ అప్పటికే ప్లగ్గులు మార్చాడు, పెట్రోలు పంపు మార్చాడు. ఇక మార్చడానికి మిగిలింది నేనే.

ఐరన్ లెగ్ అని ఎవరూ నా మొహం మీద అనలేదు. నిర్మాతగారు మాత్రం, "రేపట్నించి నువ్వు ఆటోలో వచ్చెయ్యవయ్యా. ఈ సంగతి తేలాక మాటల సంగతి చూద్దాం" అన్నారు. నాకు ఏడుపొక్కటే తక్కువ. మర్నాడు, దారిలో చదువుకుంటారు కదా అని నా డైలాగుల ఫైలు కార్లో పెట్టి, నేను ఆటోలో వెనకే బయల్దేరాను. దారంతా ఒకటే మొక్కు, కారు ఆగాలని. (పరాయివాడి కారు చెడిపోవాలని కొబ్బరికాయ మొక్కుకున్నవాణ్ణి ఊళ్లో నేనొక్కణ్ణేనేమో.) ఆగింది. అదే గుట్ట. ఆటో దిగి పరుగున వెళ్లి, "చూశారా సార్, ఇవాళ నేను లేను" అన్నాను. ఆయన వెనకసీటు వైపు చూసి, "నీ ఫైలుందిగా" అన్నారు.

నా అదృష్టం బాగుండి ఆ రోజు మెకానిక్ కూడా కార్లోనే ఉన్నాడు. బానెట్ ఎత్తి, బొటనవేలంత భాగమొకటి చూపించి, "ఇది క్యామ్‌షాఫ్ట్ సెన్సర్ సార్. లోపల షాఫ్ట్ ఎక్కడిదాకా తిరిగిందో కంప్యూటర్‌కి చెప్తది. వేడెక్కితే చెప్తలేదని నా అనుమానం. పంపు మార్చి నేనే గలత్ చేసిన" అన్నాడు. నన్ను ఫైలుతో సహా లోపల కూర్చోబెట్టి, సెన్సర్ మీద తడిగుడ్డ వేసి, కాస్త చల్లారాక తాళం తిప్పమన్నాడు. స్టార్టయింది. ఎవరూ దిగలేదు.

కొత్త సెన్సర్ వేశాక కారు మళ్లీ ఆగలేదు. మాటలు నాకే ఇచ్చారు. సినిమా మాత్రం విడుదలై వారం తిరక్కుండా ఆగిపోయింది. దానికి తడిగుడ్డ ఎక్కడ వెయ్యాలో ఎవరికీ తెలియలేదు. నా కాలి మీద అనుమానం అందరికన్నా ముందు నాకే వచ్చింది.

ఇప్పుడు నాకూ ఓ కారుంది, జుట్టూ నెరిసింది. అది ఎప్పుడైనా దారిలో ఆగితే, ఇవన్నీ తెలిసినవాణ్ణే అయినా, దిగి పక్కన నిలబడి మా ఆవిణ్ణి తాళం తిప్పమంటాను. స్టార్ట్ కాకూడదని లోపల్లోపల దణ్ణం పెట్టుకుంటాను. అవ్వకపోతే తప్పు కారుదే కదా.