లేని అమ్మవారికి వేపమండలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పొద్దున్నే స్టవ్ మీద మొదట కాగేది మా తమ్ముడి మూత్రం. పాలు ఆ తర్వాత. ఆసుపత్రిలో ఇచ్చిన సన్నటి గాజు గొట్టంలో సగం దాకా పోసి, పటకారుతో పట్టుకుని, అమ్మ దాన్ని మంట మీద వాలుగా ఉంచేది. తేటగా ఉంటే ఆ రోజుకి గండం గడిచినట్టు. విరిగిన పాలలా తెల్లబడితే జబ్బు తిరగబెట్టినట్టు. అమ్మ గొట్టాన్ని వెలుతురుకి ఎత్తి చూసేంత సేపు నాన్న చొక్కా బొత్తాలు పెట్టుకోవడం ఆపి నిలబడేవాడు.

తమ్ముడికి నాలుగేళ్లు, నాకు తొమ్మిది. వాడి మూత్రపిండాలకి జబ్బు. అది పైకి వచ్చినప్పుడు కళ్లు మూసుకుపోయేంతగా ముఖం ఉబ్బేది, పొట్ట బిగిసిపోయేది. తెల్లటి మాత్రలు వేస్తే తగ్గేది. ఆ మాత్రలు జబ్బుతో పాటు ఒంట్లో ఉన్న తట్టుకునే శక్తిని కూడా తగ్గిస్తాయని, దగ్గు, జ్వరం, పొక్కులు ఉన్నవాళ్లను ఎవరినీ దగ్గరికి రానివ్వొద్దని డాక్టరు నాన్నకి హిందీలో గట్టిగా చెప్పాడు. నాన్న ఇంటికొచ్చి అదే మాట అమ్మకి, నాయనమ్మకి చెప్పాడు. నన్ను కూర్చోబెట్టి ఎవరూ చెప్పలేదు. పిల్లలకి చెప్పే మాట కాదనుకున్నారేమో.

వినడానికి తేలికే. పాటించడమే మాకు చేతకాలేదు. మేముండేది ఉక్కు కార్ఖానా ఊళ్లో, జుగ్సలాయి అనే పేటలో, గోదాముల వెనక వరసగా ఉన్న అద్దె గదుల్లో. శ్రీకాకుళం వైపు నుంచి కార్ఖానాలో పని వెతుక్కుంటూ వచ్చిన ప్రతివాడూ రైలు దిగి ముందు మా ఇంటికే వచ్చేవాడు. ఆ ఏడు చలికాలంలో నాన్నకి తమ్ముడి వరస అయ్యే ఆయన ఒకరు దగ్గుతూ దిగారు. వచ్చీ రాగానే మా తమ్ముణ్ణి భుజాన వేసుకుని మిఠాయి కొట్టుకి తీసుకెళ్లారు. అమ్మ చేతులు నలుపుకుంటూ గుమ్మంలో నిలబడింది కాని దించమనలేకపోయింది. ఎనిమిదో రోజున గొట్టంలో నీళ్లు తెల్లబడ్డాయి. నెలన్నర వాడు ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ తర్వాత నన్ను కూడా బడి మాన్పించారు. ఇంట్లో ఉండేవాళ్లం నలుగురం, నాన్న పనిలోంచి వస్తే అయిదుగురం. నాకు మాట్లాడుకోడానికి తోటి పిల్ల లేదు.

అలాంటప్పుడు రైలుపట్టాల అవతలి పర్సుడీహ్ నుంచి కబురొచ్చింది. అక్కడ మా అత్త, అంటే నాన్న చెల్లెలు, ఉండేది. మామయ్య రైల్వేలో ఫిట్టరు. వాళ్ల కూతురిది నా ఈడే. దానికి ఆటలమ్మ పోసిందని, మర్నాడు నీళ్లు పోస్తారని, ఎల్లుండి అందరూ ప్రసాదం పట్టుకుని మా ఇంటికి వస్తారని మామయ్యతో పనిచేసే ఆయన వచ్చి చెప్పి వెళ్లాడు.

నీళ్లు పోశారంటే అమ్మవారు దిగిపోయినట్టే. పొక్కులు ఆరాయా లేదా అని ఎవరూ చూడరు, రోజులు లెక్క చూస్తారు. ఆ ప్రసాదాన్ని వద్దంటే అమ్మవారిని వద్దన్నట్టు. అమ్మ గోడకి జారగిలబడి ఏడ్చింది.

"నాను సెప్తే నీ కూతురు మరి నా మొకం సూత్తాదా అత్తా. పెసాదం అట్టుకొచ్చిన ఆడపడుసుని గుమ్మంలోంచి తోలేసినానంతారు."

"నువ్వేటీ సెప్పకు," అంది నాయనమ్మ. "నాను సూసుకుంతాను."

మా నాయనమ్మ పొట్టి మనిషి. వయసులో ఉండగా పెద్దమ్మవారు పోసి బతికింది. ముఖం నిండా ఆ మచ్చలే. నిద్రపోయేటప్పుడు నేను వాటి మీద వేలు పెట్టి ఆడుకునేదాన్ని. దేవుడంటే భయం ఎంత ఉందో, మనవడంటే ప్రేమ అంత ఉంది. వాళ్లు వచ్చే రోజు పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని గోదాము గోడ పక్కనున్న వేపచెట్టు దగ్గరికి వెళ్లింది. రెండు మండలు విరిచి, పసుపునీళ్లలో ముంచి, మా గుమ్మానికి అటూ ఇటూ కట్టింది. మా వాళ్లలో ఆ మండలు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది, ఆ ఇంట్లో అమ్మవారు ఉందని. బయటివాళ్లు గడప దాటరు. కట్టడం అయ్యాక నాయనమ్మ గుమ్మం ఎదుట చాలాసేపు నిలబడింది. ఏదో గొణిగింది, నాకు వినబడలేదు. ఎవరికి పోసిందని అడిగితే, "ఎవులికీ నేదు, నువ్వు నోరెత్తకు. ఆళ్లు లోపలికి రాకూడదు, అంతే," అంది.

మధ్యాహ్నానికి అత్త వచ్చింది. కొత్త చీర కట్టుకుని, చలివిడి గిన్నె మీద గుడ్డ కప్పుకుని వచ్చి, మండలు చూసి వీధిలోనే ఆగిపోయింది. ఎవరికని అడిగింది. నాయనమ్మ లోపల్నుంచే పిల్లాడికని, నిన్న ఒళ్లంతా పోసిందని, నువ్వు బయటినుంచి వచ్చావు, మైల తగులుతుందని చెప్పింది. అత్త గిన్నె గడప అవతల పెట్టి, గుమ్మానికి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. మాత్రలు మింగే పిల్లాడి మీదకి వచ్చావా తల్లీ, చల్లగా చూడు, అని ఏడ్చింది. తలుపు వెనక నాయనమ్మ పమిట నోట్లో కుక్కుకుంది.

నేను ఆ సమయానికి అక్కడ లేను, ఇదంతా తర్వాత అమ్మ చెప్పగా విన్నదే. అత్త కూతురు కుళాయి దగ్గర ఉండి ఉంటుందని పెరటి సందులోంచి వెళ్లాను. వాళ్లు లోపలికి రాకూడదన్నారు కాని నన్ను బయటికి వెళ్లొద్దని ఎవరూ అనలేదు. అది నిజంగానే అక్కడ నిలబడి ఉంది. పిడికిట్లో చలివిడి ముద్ద దాచి తెచ్చింది. "ఖా లే, జల్దీ," అని నా నోట్లో పెట్టింది. తర్వాత గొప్పగా జాకెట్టు వీపు పైకెత్తి చూపించింది. కొన్ని నల్లబడి ఎండాయి, కొన్ని ఇంకా నీళ్లతో మెరుస్తున్నాయి. వేలు పెట్టి లెక్కపెట్టమంది. నేను లెక్కపెట్టాను. ఎంతవరకు లెక్కపెట్టానో గుర్తులేదు. ఎన్నో నెలల తర్వాత నాతో ఒక పిల్ల ఆడుతోంది, అదే గుర్తుంది.

నాలుగు రోజుల తర్వాత నాయనమ్మ బియ్యం ఏరుతూ అమ్మతో చెబుతుంటే విన్నాను. అమ్మవారు తాకితే చాలు అంటుకుంటుందని, ఒకరి ఒంటి మీద నుంచి ఇంకొకరి ఒంటి మీదకి నడిచి వస్తుందని, మన అదృష్టం, గడప బయటే ఆగిందని. ఆ పూట నుంచి నేను తమ్ముడి దగ్గరికి పోలేదు. వాడు మెడకి వేలాడబోతే విదిలించుకున్నాను. నీళ్లగ్లాసు దూరంగా నేల మీద పెట్టి కాలితో జరిపాను. అది నాయనమ్మ కంటపడింది. దగ్గరికి పిలిచి అడిగింది. చెప్పేశాను.

ఆమె కొట్టలేదు. ఒళ్లోని చేట పక్కన పెట్టింది. తర్వాత లేచి నా గౌన్లు రెండు, తన చీరలు రెండు సంచిలో పెట్టింది. పిల్లకి పోస్తే ఇంట్లో ఉండకూడదు, పోసేదాకా ఆగకూడదు, ఎలాగూ అమ్మవారు వచ్చి పోయిన మీ అత్త ఇంటికే పోదాం అంది. తోడు నేను వెళ్తాను, నాకొకసారి వచ్చేసింది, నన్ను మళ్లీ తాకదు అంది. ఆ మచ్చల ముఖం చూసి అమ్మా, నాన్నా ఆ మాట నమ్మారు. నాయనమ్మ కూడా మనసారా నమ్మింది. అమ్మ తమ్ముణ్ణి తన వెనక్కి నెట్టుకుని గుమ్మంలోంచి నన్ను చూసింది. దగ్గరికి తీసుకోలేదు.

రిక్షాలో రైలుపట్టాలు దాటి పర్సుడీహ్ వెళ్లాం. అత్త తలుపు తీసి, పిల్లాడు ఎలా ఉన్నాడని ఆత్రంగా అడిగింది. నాయనమ్మ లోపలికి అడుగు పెట్టలేదు.

"మనింట్లో అమ్మోరు నేదే. నానే మండలు కట్టినాను. నువ్వు రాకుండా."



"నాను రాకుండానా?"

"పిల్లడు బతకాల గదే. అయినా నీ పిల్లా ఇదీ పెరటి సందులో కలిసీసినారు, ముట్టీసుకున్నారు."

"ఒక్క మాట సెప్పొచ్చు గదే అమ్మా. రావద్దే, వోడికి పెమాదం అంటే రాకుందును గదా. నానేటి వోడికి రాచ్చసినా? తలుపేసుకుని ఇంటికాడే కూకుందును. నా పిల్లని దొడ్డిదారిని వొగ్గేద్దునా?"

నాయనమ్మ తల దించుకుని నిలబడింది. మా నాయనమ్మ ఎవరి ముందైనా అలా నిలబడటం నేను చూడటం అదే మొదలు. అత్త కళ్లు తుడుచుకుని పక్కకి జరిగింది. "రా. కాళ్లు కడుక్కో," అంది.

రెండు వారాలకి నాకు జ్వరం వచ్చింది. మర్నాటికి పొట్ట మీద, మెడ మీద పొక్కులు తేలాయి. నాయనమ్మ నన్ను ఎవరికీ వదల్లేదు. దురద పెడితే వేపాకుతో నిమిరింది, గోళ్లు కత్తిరించింది, చల్లటి గంజి గుటకలు గుటకలుగా పట్టింది. తమ్ముడికి ఏమీ కాలేదని రోజూ నాన్న కిటికీ అవతల నుంచి చెప్పి వెళ్లేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమె నా నుదుటి మీద చెయ్యి వేసి ఉంచేది.

నా పొక్కులు ఎండి రాలుతుండగా ఆమెకి జ్వరం తగిలింది. ముందు ఎవరూ అనుకోలేదు. ఒళ్లంతా, నోట్లో కూడా పోశాక, అత్త నమ్మలేనట్టు ఆ పాత మచ్చల మధ్య కొత్త పొక్కుల్ని చూసింది. ఆ మచ్చలు మశూచివని, అది వచ్చి పోయినంత మాత్రాన ఆటలమ్మ రాకుండా పోదని నేను కాలేజీలో చదువుకున్నాక తెలుసుకున్నాను. అప్పుడు ఆ ఇంట్లో తెలిసినవాళ్లు లేరు. మూడో రోజుకి దగ్గు, ఆయాసం. ఆసుపత్రికి తీసుకెళ్లారు. రెండు రోజులే బతికింది.

ఆమెను ఇంటికి తీసుకురాలేదు. తీసుకురావద్దని నాన్నే చెప్పాడు. అత్త ఇంటి ముందు నుంచే ఎత్తారు. నదికి వెళ్లే దారిలో మా సందు చివర బండి కాసేపు ఆగిందట. అమ్మ తమ్ముణ్ణి పట్టుకుని లోపలే ఉండిపోయింది, తలుపు తియ్యలేదు. తన అత్తని చివరిసారి చూడలేదు.

అమ్మవారి పేరు పెట్టి అబద్ధమాడింది, అమ్మవారు ఊరుకుంటుందా, అని మా వరస గదుల్లో అందరూ అన్నారు. అమ్మ కూడా ఆ మాటే నమ్మింది, ఇప్పటికీ నమ్ముతుంది. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. ఒకసారైనా ఎవరైనా అని ఉంటే బాగుండేదని నాకు అనిపిస్తుంది. తమ్ముడు బతికాడు. ఎదిగేకొద్దీ వాడి జబ్బు తిరగబెట్టడం మానేసింది. ఇప్పుడు వాడు కాలేజీలో చదువుతున్నాడు. నాయనమ్మ ముఖం వాడికి సరిగా గుర్తులేదు.

నాకు ఇప్పుడు పది నెలల పాప ఉంది. నెలలు నిండకుండా పుట్టింది, ఊపిరితిత్తుల్లో బలం లేదు. ఇప్పుడు మేముండే మాంగో పేటలో మా ఇంటికి చుట్టాలు వస్తూనే ఉంటారు. వచ్చినవాళ్లను దగ్గుందా, ఇంట్లో ఎవరికైనా జ్వరమా అని గుమ్మంలోనే అడుగుతాను. ఉందంటే ఎందుకు రావద్దో చెప్పి పంపుతాను. చదువుకున్న పొగరని మా అత్తవారివైపు అంటారు. ఏ సాకూ చెప్పను. తలనొప్పిగా ఉందని, పాప నిద్రపోతోందని కూడా చెప్పను.

ఈరోజు మధ్యాహ్నం పర్సుడీహ్ అత్త వచ్చింది. జుట్టు సగం నెరిసింది. పాప పుట్టాక ఆమె ఎప్పుడు వచ్చినా మెట్ల కిందే ఆగి కేకేస్తుంది, ఏ రోజూ తనంతట తాను లోపలికి రాలేదు. ఇవాళ గొంతు బొంగురుగా ఉంది, రెండు రోజులుగా దగ్గు అంది. "రావచ్చా?" అని అడిగింది. నాకు ఆమెను కౌగిలించుకోవాలని ఉంది. ఆమె ఇంట్లో గంజి తాగి బతికినదాన్ని.

"వద్దత్తా," అన్నాను. "పాపకి అంటుకుంటుంది."

"అలాగే," అంది. అంటూనే మెట్టు మీద కొంగు పరుచుకుని కూర్చుంది. నేను పాపను ఎత్తుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను. మేమిద్దరం అరగంట మాట్లాడుకున్నాం, ఎండలో ఆమె, నీడలో నేను. తర్వాత లేచి ఆటో ఎక్కింది. ఆ మాట అనడం నాకు ఇప్పటికీ కష్టమే. కాని చెబుతాను. చెబితే వినేవాళ్లు ఉంటారని నాకు తెలిసింది. మా నాయనమ్మకి అది తెలిసేసరికి ఆలస్యమైపోయింది.