అత్త చదివిన ఆఖరి అధ్యాయం

ఆ మధ్యాహ్నం నవల చదువుతుంటే నా కుడి కంట్లో ఓ మూల నల్లటి తెర దిగింది. కళ్ళజోడు తుడుచుకున్నాను. మళ్ళీ తుడుచుకున్నాను. అలా తుడుచుకుంటూనే మూడు రోజులు గడిపిన తెలివి నాది! మా అత్త మరియమ్మ మాత్రం వెంటనే తీర్పు చెప్పేసింది. "ఆ కథల బుక్కులు సదివి సదివి కండ్లు పోగొట్టుకుంటాండావు."

నందికొట్కూరు నుంచి కర్నూలు వెళ్ళాం. డాక్టరు గారు కంట్లో చుక్కలు వేసి, లైటు పెట్టి చూశారు. "రెటీనల్ డిటాచ్‌మెంట్. కంటి వెనక పొర ఊడొచ్చింది. మూడు రోజులు ఏం చేశారమ్మా?" ఏమని చెప్పను, అద్దాలు తుడిచానని? మరునాడే విట్రెక్టమీ అనే ఆపరేషన్ చేసి, ఆ పొరను నొక్కి ఉంచడానికి కంట్లో గ్యాస్ నింపారు. "పది రోజులు బోర్లానే పడుకోవాలి. చదవకూడదు. తలెత్తితే ఆపరేషన్ దండగ," అన్నారు.

సగంలో ఆగిన నవల పక్కనే ఉంది, చదవకూడదు. పైగా పరామర్శలు. చర్చి ఆడవాళ్ళు వచ్చి, "ముఖం సూపియ్యమ్మా, ప్రార్థన చేస్తాం" అనేవాళ్ళు. మొహమాటానికి లేచి కూర్చునేదాన్ని. ఐదో రోజు చెకప్‌లో డాక్టరు గారు మండిపడ్డారు. "ఒక అంచు ఇంకా అతుక్కోలేదు. మళ్ళీ తలెత్తితే చూపు గురించి నన్ను అడగొద్దు."

ఇంటికొచ్చి భయంతో ఏడ్చాను.  అత్త ఇంకెవరూ లోపలికి రాకుండా తలుపు గడియ పెట్టి, నవల చేతికి తీసుకుంది. "యాడిదాకా సదివినావు?"

ఆమెకు చదువొచ్చింది చర్చిలో, దేవుని వాక్యం పట్టుకునే. నవలనూ అలాగే చదివేది. వాక్యానికోసారి ఆగేది. అధ్యాయం అయిపోగానే "ఆమెన్" అనేది. పెళ్ళిచూపులకు ఆమెన్ ఏమిటండీ! నాకు ఒళ్ళు మండేది. "కాస్త తొందరగా చదువత్తా" అని తల తిప్పితే, "తలకాయ దించు, లేకుంటే మూసేస్తా" అనేది. దించేదాన్ని. కథలో చిట్టి అనే పిల్లకు జ్వరం, అది బతుకుతుందో లేదో తెలియాలి కదా. ఆఖరి అధ్యాయంలో చిట్టి లేచి గంజి తాగింది. ఆ రోజు హాయిగా నిద్రపోయాను.

పది రోజులయ్యాక డాక్టరు గారు "అతుక్కుంది" అన్నారు. ఇప్పటికీ ఆ కంటికి అక్షరాలు కాస్త వంకరగా కనిపిస్తాయి, అయినా చదవగలను. చదవొచ్చని చెప్పగానే ఆ నవలే తీసి ఆఖరి అధ్యాయం చూశాను. చిట్టి చచ్చిపోయింది! నాలుగు పేజీల నిండా ఏడుపే.

"ఏందత్తా ఇది? వాక్యంలో ఒక్క పొల్లు కూడా మార్చగూడదని మాకు చెప్తావే!"

"అది దేవుడిది. ఇది మనిసి రాసిందే కదా. నువ్వు ఏడ్చి లేసి కూచుంటే కన్ను ఏమైతాదో నాకు తెల్దా?"

ఇప్పుడు నేను తెచ్చుకునే ప్రతి నవలా ముందు ఆమే చదువుతోంది. "ఇది వద్దు, శానా ఏడుపుండాది" అని బీరువాలో దాచేస్తోంది. చూపొచ్చినా నా చేతికి పుస్తకం దక్కడం లేదు.

కంట్లో తెర దిగితే అద్దాలు తుడుస్తూ కూర్చోకండి, ఆ రోజే వెళ్ళండి. బోర్లా ఉండమంటే బోర్లానే ఉండండి. తలుపుకు గడియ పెట్టే మనిషిని మాత్రం ముందే చూసుకోండి.