నాడె నడక

మా మేనకోడలు ఫోన్‌లో కొత్త రకం చదరంగం చూపించింది. వెడల్పాటి పలక, నేనెరగని పావులు. చూస్తుంటే నేను పెరిగిన నేతగాళ్ల పేట కొత్తవాడలోని తడి రంగునూలు వాసన గుర్తొచ్చింది.

అక్కడ మా పక్కింటి ఖాజా మామ జంపఖానాలు నేసేవాడు. తన కూతురు షాహీన్‌కూ నాకూ ఆడుకోవడానికి నలుపు తెలుపు గళ్లతో చిన్న జంపఖానా ఒకటి నేసిచ్చాడు. చదరంగానికి వరుసకు ఎనిమిది గళ్లు చాలు. మగ్గం మీద చోటుందని ఆయన పది నేశాడు. చివర్లలో మిగిలిన గళ్లలో నూలు కండెలు నిలబెట్టి, మగ్గంలో అటూ ఇటూ తిరిగే నాడె పేరు వాటికి పెట్టాడు.

"నడుమల ఆగుడు లేదు బిడ్డా. ఈ కొస నుంచి ఆ కొసకు పోవాలె, మల్ల రావాలె."

లోకమంతా ఇలాగే ఆడుతుందనుకున్నాను.

ఆరో తరగతిలో బడి జట్టు కోసం పోటీ పెట్టారు. గెలిస్తేనే చోటు. పలక చూసి లేచి నిలబడ్డాను.

"సార్, వరుసకు రెండు గళ్లు తక్కువున్నయ్. నాడె ఏడ పెట్టాలె?"

గదంతా నవ్వింది. నాడె లేకుండా రాజును కాపాడుకోవడం తెలియక ఓడిపోయాను. ఏడుస్తూ వస్తే ఖాజా మామ మగ్గం ఆపాడు.

"జర ఊకో బిడ్డా. వాళ్ల మగ్గం చిన్నది, గంతే. దానికెందుకు ఫికర్?"

ఎనిమిది గళ్ల ఆట తర్వాత నేర్చుకున్నాను, మరుసటి ఏడు జట్టులోకీ వచ్చాను. అయినా అంతకుముందు తప్పు ఆడానని ఇప్పుడు అనుకోను. ఏనుగు, గుర్రం రాజుల సైన్యంలోంచి పలక మీదికి వచ్చాయి. మా పక్కింట్లో సైన్యం లేదు, మగ్గం ఉంది.